ఏడాది నిండేలోపు

"ఇచ్చానని చెప్పానా, లేదా?"

పొద్దుట్నించీ అత్తమ్మ ఈ మాట అనడం నాలుగోసారి. నాలుగుసార్లూ నా మొహం చూడలేదు. నానబెట్టిన శనగల గిన్నెలో చెయ్యి పెట్టి, రాళ్లేరుతున్నట్టు వేళ్లు ఆడిస్తోంది. రాత్రంతా నానిన శనగల్లో ఇంకా రాళ్లేముంటాయి?

"ఇచ్చావు అత్తమ్మా, కాదన్లేదు. ముద్ర వేసిన రెండో కాగితం ఏదీ అంటున్నాను."

"కార్ఖానాలో ఉంది. పొంపీలియా దగ్గర."

"మూడు వారాల్నించీ?"

"ఆవిడకి నీ కాగితం తప్ప వేరే పని లేదా? నలభైమంది ఆడవాళ్లని నడుపుతోంది. సాయంత్రం పండక్కి వస్తుందిగా, నువ్వే అడుగు. నీకు నోరు లేదూ?"

నాకు నోరుంది. కానీ చంకలో బ్రీజియో ఉన్నాడు. వాడి ఛాతీలో పిల్లికూన గురగురమన్నట్టు చప్పుడు. నేను గట్టిగా అరిస్తే వాడు ఏడుస్తాడు. ఏడిస్తే దగ్గొస్తుంది. దగ్గొస్తే మూతికి ఆవిరి గొట్టం పెట్టి అరగంట కూర్చోవాలి. అందుకే ఈ ఇంట్లో గొంతు తగ్గించి పోట్లాడటం నేర్చుకున్నాను.

"రేపటికి వీడికి ఏడాది నిండుతుంది" అన్నాను.

అత్తమ్మ వేళ్లు ఆగిపోయాయి.

"తెలుసు" అంది.

అంతే. మళ్లీ శనగలు.

యూనియన్ ఆఫీసులో కొన్సీలియా చెప్పిన మాటలు నాకు ప్రార్థనలా నోటికొచ్చేశాయి. "చూడమ్మా డొనాతా, తనంతట తాను పని మానేసినవాళ్లకి నిరుద్యోగ భృతి ఇవ్వరు. యజమాని తీసేస్తేనే ఇస్తారు. కానీ బిడ్డకి ఏడాది నిండేలోపు తల్లి మానేస్తే, నా ఇష్టంతోనే పోతున్నానని రాసిచ్చినా సరే, చట్టం నమ్మదు. ఎవరో మానిపించారనే అనుకుంటుంది. భృతి ఇస్తుంది. ఏడాది దాటిందా, నువ్వూ అందరిలాంటిదానివే. చిల్లిగవ్వ రాదు. అంచేత వాళ్ల ముద్ర, తేదీ ఉన్న కాగితం నాకు తెచ్చియ్యి. తర్వాత లేబర్ ఆఫీసులో ఒకావిడ నిన్ను ఒంటరిగా కూర్చోబెట్టి, నిజంగా నీ ఇష్టమేనా అని అడుగుతుంది. అది తర్వాతి సంగతి. ముందు కాగితం."

నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆ రాజీనామా నాలుగు వాక్యాలు రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. వాళ్లకొకటి, ముద్ర వేసి నాకు తిరిగివ్వడానికొకటి, రెండు ప్రతులు చేసి, కవరులో పెట్టి, అత్తమ్మ చేతికిచ్చాను. ఎందుకంటే బిడ్డని వదిలి నేను కదల్లేను, అత్తమ్మ రోజూ ఆ కార్ఖానాకే వెళ్తుంది.

రిజిస్టర్ పోస్టులో పంపుతానన్నాను ఆరోజే. అత్తమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "పొంపీలియా నీ కొడుకుని చేతుల్లో పెట్టుకుని జ్ఞానస్నానం చేయించిన తల్లి. ఆవిడకి పోస్టులో కాగితమా? ముఖాన ఉమ్మినట్టే. నేను చేతికిస్తాను."

మా వైపు రక్తసంబంధం కాదనుకున్నా ఊరుకుంటారు. జ్ఞానస్నానపు చుట్టరికం, కొమారె అని పిలుచుకునే ఈ చుట్టరికం, కాదంటే వీధిలో ఎవరూ పలకరించరు. నేనూ సరేనన్నాను.

అదీ నేను చేసిన తప్పు.

*

మధ్యాహ్నం రెండింటికి దక్షిణపు గాలి మొదలైంది. ఆ గాలి వస్తే గోడలు చెమ్మగిల్లుతాయి, తలుపులు ఉబ్బుతాయి, బ్రీజియో ఊపిరి బరువెక్కుతుంది. అత్తమ్మ పిండి పిసుకుతోంది. నేను అద్దాల బీరువాలోంచి పండగ పళ్లేలు దింపుతున్నాను.

పైఅరలో పొంపీలియా జ్ఞానస్నానానికి తెచ్చిన వెండిరంగు డబ్బా ఉంది. అప్పట్లో అందులో పంచదార పూసిన బాదంపప్పులుండేవి. సాయంత్రం ఆవిడ ఇచ్చిన డబ్బాలోనే ఆవిడకి మిఠాయి పెడితే బావుంటుందని, తీసి మూత తిప్పాను.

బాదంపప్పులు లేవు. నా కవరుంది.

అంటించిన అంచు అలాగే ఉంది. ఎవరూ చించలేదు. నేనే చించాను. లోపల రెండు ప్రతులూ నేను మడిచిన మడతలోనే ఉన్నాయి. ముద్ర లేదు. సంతకం లేదు. నా రాత మాత్రం ఉంది, చివరి వాక్యంలో నేను దిద్దిన అక్షరంతో సహా.

కాగితాలు మళ్లీ కవరులో పెట్టాను.

అప్పుడే ఒరోంజో వచ్చాడు, జుట్టు నిండా రంపప్పొట్టుతో. ఊరి చుట్టూ ఆలివ్ చెట్లు రోగమొచ్చి నిలువునా ఎండిపోయాయి. వాటిని కొట్టడమే ఇప్పుడు నా మొగుడి పని. అవి అయిపోతే పనీ అయిపోతుంది. దక్షిణం వైపు చేలల్లో ఇంకో పాతిక మాత్రం మిగిలాయి.

"ఏమైందే? అలా పాలిపోయావు?"

కవరు చూపించాను. చదివాడు. రెండు వైపులా తిప్పి చూశాడు. ముద్ర కోసం అనుకుంటాను.

"అమ్మా."

అత్తమ్మ పిండి మీంచి తలెత్తలేదు.

"అమ్మా, ఇటు చూడు. ఇదేంటి?"

"చూస్తున్నావుగా."

"ఇచ్చానన్నావు!"

"గుమ్మం దాకా తీసుకెళ్లాను. పొంపీలియా కవరు ముట్టుకోలేదు. 'నువ్వే దాచు కొమారె, నెలాఖరు దాకా. బిడ్డ పుట్టినరోజు వెళ్లిపోనీ, అప్పుడు మర్యాదగా తీసుకుంటాను' అంది. లెక్కలాయన చెప్పాడట. ఏడాదిలోపు తీసుకుంటే కార్ఖానా కూడా సర్కారుకి కట్టాలట. తర్వాతైతే అక్కర్లేదట."

"నువ్వు దాచావు" అన్నాను.

"దాచాను."

"మనవడి పాలడబ్బాల మీద ఒట్టేసి మరీ ఇచ్చానని చెప్పావు!"

"ఒట్టెయ్యలేదు. చెప్పాను." అత్తమ్మ పిండి వదిలి చేతులు తుడుచుకుంది. "నాకు పింఛనుకి ఇంకా రెండేళ్లుంది డొనాతా. రెండేళ్లు. ఈ వయసులో నన్నెవరు పనిలో పెట్టుకుంటారు? ఆవిడ కాదంటే నేను కాదనగలనా? నీకేం, భృతి వచ్చినా రాకపోయినా ఇంట్లో కూర్చుంటావు."

"ఇంట్లో కూర్చోడానికా నేను మానేస్తున్నాను?"

ఒరోంజో నా భుజం మీద చెయ్యేశాడు. తోసేశాను.

వేసవి చివర రెండు నెలలు మళ్లీ పనికెళ్లి చూశాను. బూట్ల పైతోళ్లు కుట్టే పని, ముక్కులు బద్దలయ్యే జిగురు వాసన. ఇంటికొచ్చి బిడ్డని ఎత్తుకుంటే వాడు నీలంగా అయ్యేవాడు. డాక్టరు నా చేతులు వాసన చూసి, "ఇదో, వీడో, తేల్చుకో" అన్నాడు. అత్తమ్మ విన్నది. అందుకే కార్ఖానా నుంచి రాగానే, ఈ నవంబరు చలిలో కూడా, పెరట్లో తొట్టి దగ్గర బట్టలు మార్చుకుని, మోచేతుల దాకా సబ్బుతో తోముకుని గానీ వాణ్ణి ముట్టుకోదు. ఆ చేతులే నా కవరు దాచాయి. ఏ చేతుల్ని నమ్మాలి?

"నీకేం తెలుస్తుంది అత్తమ్మా" అన్నాను. అనకూడదు. అనేశాను. "నువ్వెప్పుడైనా ఒక్కరోజు బిడ్డ కోసం పని మానేశావా?"

ఒరోంజో "డొనాతా!" అన్నాడు.

అత్తమ్మ పిండి పక్కకి జరిపింది. గాలికి కింద పెరటి తలుపు కొట్టుకుంటోంది.

"మానేశాను" అంది చివరికి. "నా ఇష్టంతోనే. కాగితంలో అలాగే ఉంది."

"ఏ కాగితం?" ఒరోంజో అడిగాడు. అతనికీ తెలియదన్నమాట.

"పనిలో చేర్చుకున్న రోజే పొంపీలియా మామగారు అందరి చేతా తెల్లకాగితం మీద సంతకం పెట్టించేవాడు. కింద పేరు, పైన ఖాళీ. చదవడానికేముంది, తెల్లగా ఉంది. నాకు నువ్వు కడుపులో పడి తొమ్మిదో నెలొచ్చాక ఆ ఖాళీ నింపారు. 'నా సొంత ఇష్టంతో మానేస్తున్నాను' అని. తేదీ కూడా వాళ్లే వేశారు. ఆ తేదీన నేను ఆస్పత్రిలో నొప్పులు పడుతున్నాను." అత్తమ్మ మళ్లీ పిండి ముందుకి లాక్కుంది. "రెండేళ్ల తర్వాత దయతల్చి కొత్తదానిలా చేర్చుకున్నారు. ఆ రెండేళ్లే ఇప్పుడు నా పింఛనులో తక్కువ పడ్డాయి. తెలిసిందా నాకేం తెలుసో?"

బ్రీజియో మూలిగాడు. వెళ్లి ఎత్తుకున్నాను.

*

పోస్టాఫీసు పన్నెండున్నరకే మూసేశారు. శనివారం. అయినా ఒరోంజో పరిగెత్తి తాళం చూసి వచ్చాడు.

నేను కొన్సీలియాకి ఫోన్ చేశాను. ఆవిడ ఇంట్లో పళ్లేలు కడుగుతున్నట్టుంది, నీళ్ల చప్పుడు.

"మూడు వారాలూ డబ్బాలో ఉందా? అయ్యో నా తల్లీ! రేపు ఆదివారం, పోస్టు ఉండదు. ఎల్లుండికి ఆలస్యం. మిగిలింది ఒక్కటే. ఇవాళే చేతికిచ్చి, ముద్ర వేయించుకో. మాటలెలా ఉన్నా పరవాలేదు. నా ఇష్టంతో అని వందసార్లు రాయించుకున్నా పరవాలేదు. తేదీ చూసుకో. తేదీయే నీ ప్రాణం."

"ఆవిడ ఇవాళ వేయనంటే?"

నీళ్ల చప్పుడు ఆగింది. "అంటే ఇక నేను చేసేదేం లేదమ్మా."

ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకున్నాను. చెమ్మ గోడ. రవిక తడిసింది.

సరిగ్గా అప్పుడు అత్తమ్మ ఫోన్ మోగింది. పిండి చేతులతో తియ్యలేక ఒరోంజోకి సైగ చేసింది. అతను మీట నొక్కి బల్ల మీద పెట్టాడు. పొంపీలియా గొంతు గదంతా నిండిపోయింది.

"కొమారె! కేకు తెస్తున్నా. ఒక్క కొవ్వొత్తి పెట్టించా, నీలంది. మన బంగారుకొండకి ఇవాళ్టితో ఏడాది! ఎలా గడిచిపోయాయో రోజులు! సాన్ బ్రీజియో పండగ రోజునే పుట్టాడు, ఆ పేరే పెట్టారు, అదృష్టవంతుడు. అన్నట్టు డొనాతాకి చెప్పు, ఆ కాగితం సంగతి నాకు మనసులో ముల్లులా ఉంది. ముద్ర నా సంచీలో వేసుకొస్తున్నా. ఇవాళే తేల్చేద్దాం. దాని మిషను మీద కొత్తమ్మాయి కూర్చుంది, ఇక దాన్ని కట్టేసి ఉంచడం పాపం. ఐదింటికల్లా వస్తా."

ఫోన్ ఆగిపోయింది.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నిరుడు ఈ పండగ రోజున ఊరేగింపు చర్చి మెట్లు దిగుతుండగా నాకు నొప్పులొచ్చాయి. బ్యాండు వాయిస్తుండగానే, ఊరంతా చూస్తుండగానే నన్ను కారెక్కించారు. అందుకే ఊరందరికీ వాడు పండగ పిల్లాడు. ఏ పునీతుడి పేరు పెడితే ఆయన పండగే పేరు రోజు, పేరు రోజే కేకు. కానీ వాడు బయటపడింది మర్నాడు తెల్లారాక. ఆ పన్నెండు గంటలూ నేనొక్కదాన్నే పడ్డాను కాబట్టి నాకొక్కదానికే గుర్తు. ఇంకా ఈ ఇంట్లో ఇద్దరికి.

పుట్టినరోజు రేపు. ఆవిడ ఇవాళ అనుకుంటోంది.

"కాగితాలన్నీ లెక్కలాయన దగ్గరుంటాయి" అన్నాడు ఒరోంజో నెమ్మదిగా. "ఈవిడ ఎప్పుడూ చూసుండదు."

"మనం అబద్ధం చెప్పక్కర్లేదు" అన్నాను. "ఊరుకుంటే చాలు."

ఇద్దరం అత్తమ్మ వైపు చూశాం.

అత్తమ్మ పిండిని సన్నని పట్టీలుగా కోస్తోంది. కత్తి బల్లకి తగులుతున్న చప్పుడు. టక్. టక్.

"అమ్మా, ఏదో ఒకటి చెప్పు."

"సోమవారం పొద్దున లెక్కలాయన తేదీ చూస్తాడు" అంది కత్తి ఆపకుండా. "ఆరింటికి కార్ఖానా తలుపు తెరిచేది నేను. ఏడింటికి నా మిషను మీద ఎవరు కూర్చుంటారు?"

నేను పళ్లేలు తుడవడం మొదలుపెట్టాను.

*

ఐదుకి ఐదు నిమిషాలు ముందే వచ్చింది పొంపీలియా. గంధపు వాసన, బొచ్చు కాలరు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. కేకు పెట్టె నా చేతికిచ్చి, బిడ్డని లాక్కుంది.

"ఏడాది మగాడు! ఏడీ, జ్ఞానతల్లికి ముద్దేదీ? అబ్బో, ఈ గురగుర ఇంకా తగ్గలేదే. చల్లగాలి తగలనిస్తున్నారా?"

"లేదమ్మగారూ" అంది అత్తమ్మ.

"మళ్లీ అమ్మగారూ! ఇంట్లో కొమారె అనమన్నానా? కార్ఖానాలో ఎలాగూ తప్పదు. ఒరేయ్ ఒరోంజో, జుట్టులో ఆ రంపప్పొట్టేంట్రా, కేకులో పడుతుంది."

ఒరోంజో నవ్వాడు. అతని నవ్వు చూస్తే ఎవరికైనా అనుమానమొస్తుంది. తలుపు దగ్గర నిలబడమని కళ్లతో చెప్పాను.

కాగితాలు బల్ల మీద పెట్టాను. పొంపీలియా కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, పైకి చదివింది. దిద్దిన అక్షరం దగ్గర ఆగి, "పాపం, ఎంత కష్టపడిందో" అంది. నా చెవులు కాలిపోయాయి.

"ఒక్క మాట చేర్చాలి తల్లీ. 'నా సొంత ఇష్టంతో' అని. రేపు ఎవరూ మమ్మల్ని అనకూడదు కదా. మేం నిన్ను పొమ్మన్నామా?"

"లేదు."

"మరి రాయి."

రాశాను. రెండు ప్రతుల్లోనూ. వెనక అత్తమ్మ ఊపిరి ఆగినట్టనిపించింది. తిరిగి చూడలేదు.

పొంపీలియా రెండిటి కిందా సంతకం చేసింది. గొలుసుతో సహా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. బ్రీజియో ఆ గొలుసు పట్టుకుని లాగుతున్నాడు మరి. సంచీలోంచి ముద్ర తీసి, ఊదింది. ఠప్. ఠప్. ఇన్నేళ్లుగా కొడుతున్న చెయ్యి, కాగితం వైపు చూడను కూడా లేదు. ఒకటి మడిచి సంచీలో వేసుకుంది. ఒకటి నా వైపు తోసింది.

"పీడా పోయింది. ఇప్పుడు కొవ్వొత్తి."

కాగితాన్ని పళ్లెం కింద దూర్చాను. అగ్గిపుల్ల రెండుసార్లు విరిగింది.

"ఎన్నింటికి పుట్టాడు? సరిగ్గా ఆ వేళకి ఊదితే ఆయుష్షట."

తలెత్తకుండా మూడో పుల్ల గీసి కొవ్వొత్తి వెలిగించాను.

"ఈపాటికే బ్యాండు మొదలైంది" అంది అత్తమ్మ. "ఊరేగింపు చర్చి మెట్లు దిగుతోంది. డొనాతా నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగిపోయాయి. ఇప్పటికీ గుర్తు."

ఒక్క మాట అబద్ధం కాదు.

"చూశావా! ఐదూ ఐదున్నర!" పొంపీలియా వాణ్ణి ఎగరేసింది. వాడు కిలకిలా నవ్వాడు. ఆ ఊపుకి వాడి ఉన్ని చొక్కా కాలరులోంచి చిన్న బంగారు బిళ్ల బయటికి జారింది.

నేను మర్చిపోయాను. ఒరోంజో మర్చిపోయాడు.

"ఎవరు పెట్టారిది? ఎంత ముద్దుగా ఉందో!"

"నేనే" అంది అత్తమ్మ.

పొంపీలియా బిళ్ల వెనక్కి తిప్పింది. వెనక కంసాలి చెక్కిన పేరుంది, దాని కింద రోజు, నెల, ఏడాది. పద్నాలుగు. రేపటి తేదీ.

"ఏదో రాసుందే." దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది, కళ్లు చికిలించింది. "పేరు బ్రీజియో... కింద అంకెలు. ఒకటి, పక్కన... కళ్లజోడెక్కడ పెట్టాను?"

కళ్లజోడు బల్ల మీద ఉంది. అత్తమ్మ చేతికి జానెడు దూరంలో. నేను చూస్తున్నాను. అత్తమ్మా చూస్తోంది. ముప్పై ఏళ్లుగా ఆవిడ ఏదడిగితే అది తీసిచ్చిన చెయ్యి అది.

అత్తమ్మ చేతిగుడ్డ తీసి, బల్ల తుడుస్తున్నట్టు తుడిచి, కళ్లజోడు మీద వేసి వదిలేసింది.

"ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే కొమారె. ముందు కేకు కొయ్యి, కొవ్వొత్తి కారిపోతోంది." అని బిడ్డని ఆవిడ చేతుల్లోంచి తీసుకుని, బిళ్లని చొక్కా లోపలికి తోసి, పైగుండీ పెట్టేసింది. గుండీ పెట్టాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

పొంపీలియా ఒక్క క్షణం ఆ చేతివంక చూసింది. ఆ తర్వాత కత్తి తీసుకుంది.

*

ఆవిడ వెళ్లేసరికి వీధిదీపాలు వెలిగాయి. మెట్ల మీద ఆవిడ మడమల చప్పుడు కిందికి దిగేదాకా ముగ్గురం కదల్లేదు.

ఒరోంజో ఉన్నట్టుండి నన్ను ఎత్తి తిప్పేశాడు. "అయిపోయింది డొనాతా! అయిపోయింది!" తర్వాత తల్లి దగ్గరికెళ్లి ఆవిడ నెత్తిన ముద్దు పెట్టాడు. అత్తమ్మ "పో, పొట్టు రాలుతోంది" అంది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

"అత్తమ్మా" అన్నాను. "మధ్యాహ్నం అన్నమాటకి..."

"శనగలు చల్లారిపోతున్నాయి. తినండి."

నేను పళ్లెం ఎత్తి కాగితం తీశాను. ఒక్కసారి కళ్లారా చూసుకోవాలని. కొన్సీలియా మాట గుర్తొచ్చింది. తేదీ చూసుకో.

ముద్రలో కార్ఖానా పేరు, దాని కింద అంకెలు. సిరా కాస్త పాకింది. దీపం కింద పెట్టి చూశాను. మళ్లీ చూశాను.

"ఒరోంజో, ఇవాళ ఎంత తేదీ?"

"పదమూడు. పండగే కదా."

"ఇది చదువు."

అతను చదివాడు. అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

"పదిహేను" అన్నాడు.

అత్తమ్మ గరిటె కింద పెట్టింది.

"శుక్రవారం" అంది నీరసంగా. "శుక్రవారం సాయంత్రం తాళం వేసేముందే ముద్రని సోమవారానికి తిప్పేస్తారు. పొద్దున్నే తోళ్ల బండి వస్తుందని. నా కళ్ల ముందే తిప్పుతారు, వారం వారం. నాకెందుకు తట్టలేదు..."

పదిహేను. వాడికి ఏడాది నిండిన మర్నాడు. నా సొంత ఇష్టంతో, నా చేత్తో, రెండుసార్లు రాసిచ్చాను. బ్రీజియో నా మొహం చూసి పెదవి విరిచాడు.

"పరిగెత్తి పిలవనా?" ఒరోంజో తలుపు వైపు ఒకడుగు వేశాడు. "తేదీ తప్పు పడిందని చెబుదాం."

"ఎందుకు తప్పో అడుగుతుంది. రెండ్రోజుల కోసం ఇంత గాభరా ఏంటని అడుగుతుంది. నీ మొహం చూస్తే చాలు, అడగక్కర్లేదు కూడా" అన్నాను.

అతను ఆగిపోయాడు.

అత్తమ్మ బల్ల దగ్గరికొచ్చింది. చేతిగుడ్డ ఎత్తింది. కింద కళ్లజోడు, గొలుసు చుట్టుకుని అలాగే ఉంది.

కిందనించి తలుపు చప్పుడు. మెట్ల మీద మళ్లీ మడమలు, ఈసారి పైకి.

"కోజిమా!" పొంపీలియా అత్తమ్మని పేరు పెట్టి పిలుస్తోంది, మలుపు దగ్గర్నించే. "కళ్లజోడు వదిలేశాను. అది లేకపోతే నాకు తాళం కన్నం కూడా కనపడదు!"

అత్తమ్మ కళ్లజోడు తీసి ఏప్రాన్ జేబులో వేసుకుంది. నా చేతిలోంచి కాగితం తీసుకుంది. కలం తీసి, ముద్రలోని పదిహేను మీద నిదానంగా ఒక గీత కొట్టింది. పక్కన పదమూడు అని రాసింది. ఆ పక్కన కొంచెం ఖాళీ వదిలింది. ఒక సంతకానికి సరిపోయేంత.

"ఇవాళే ఇచ్చాం. అదే రాశాను. అబద్ధం లేదు" అంది.

"అమ్మా, వద్దు." ఒరోంజో కాగితానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "సోమవారం లెక్కలాయన రెండు ప్రతులూ పక్కపక్కన పెడితే? నిన్ను..."

"సోమవారం సంగతి సోమవారం."

ఉంగరంతో తలుపు మీద కొట్టిన చప్పుడు. రెండుసార్లు.

"ఆవిడ ఊరికే సంతకం పెడుతుందా అత్తమ్మా?" అన్నాను గుసగుసగా. "ఏంటిదని చదవదూ?"

అత్తమ్మ ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో జేబు పట్టుకుని తలుపు వైపు నడిచింది.

"దేంతో చదువుతుంది?" అంది. గడియ తీసింది.